కావలి మరియమ్మకు నిద్రొచ్చింది

ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక సందులో ఉన్నవాళ్లకు గడియారంతో పెద్దగా పని ఉండేది కాదు. మరియ ఇంట్లో కుట్టుమిషను ఆగిందంటే పాలవాడు వచ్చే వేళయిందని లెక్క. రాత్రి అన్నాలు తిన్నాక మొదలైన ఆ టకటక, ఊరు సద్దుమణిగినా, కుక్కలు అరిచి అరిచి అలిసిపోయినా, ఆగుతూ సాగుతూ తెల్లారేదాకా ఉండేది. కొత్తగా అద్దెకు దిగినవాళ్లెవరైనా పొద్దున్నే కళ్లు నులుముకుంటూ వచ్చి "ఏందీ చప్పుడు?" అని అడిగితే, సందులోవాళ్లు గొంతు తగ్గించి చెప్పేవారు.

"మరియక్క. రాత్రంతా పండుకోదు. ప్రార్థన జేస్కుంట కుడ్తది."

ఆ మాటలో సగం నిజం. మిగతా సగం మరియకు ఒక్కదానికే తెలుసు.

మరియ జాకెట్లు కుడుతుంది, బడులు తెరిచే ముందు పిల్లల యూనిఫాంలు కుడుతుంది. నలభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. మెడలో కొలతల టేపు తీయడం మరచిపోయి మందిరానికి కూడా అలాగే వెళ్లే రకం. భర్త ఇశ్రాయేలు వెంచర్లలో హద్దురాళ్లు పాతుతాడు. చుట్టుపక్కల పొలాలు ప్లాట్లవుతున్నన్నాళ్లూ అతనికి పనికి కొదవ లేదు. పగలంతా గడ్డపార పట్టిన మనిషి రాత్రి చాప మీద వాలాడంటే, తాను పాతిన రాళ్లకంటే గట్టిగా పడి ఉండేవాడు. కూతురు స్తుతికి కొంగరకలాన్ దగ్గర కంపెనీలో షిఫ్టు పని. ఆ పిల్ల పగలు పడుకోమంటే పగలు, రాత్రి పడుకోమంటే రాత్రి, దిండు తాకడమే ఆలస్యం. ఇంటికి వచ్చిన నిద్రంతా తండ్రీబిడ్డలే పంచుకొని, తనకు అడుగంటిన మాడు కూడా మిగల్చలేదని మరియ నవ్వుతూ అనేది. నవ్వు మాత్రం కళ్ల కింద నలుపుదాకా వెళ్లేది కాదు.

అసలు సంగతి కాళ్లది.

పొద్దుగూకిందంటే మొదలయ్యేది. పిక్కల లోపల, తోలుకూ ఎముకకూ నడుమ ఎక్కడో, చీమలు బారులు తీరి నడుస్తున్నట్టు ఉండేది. నొప్పి అయితే నొప్పి అని చెప్పుకోవచ్చు. దురద అయితే గోక్కోవచ్చు. ఇది రెండూ కాదు. కాళ్లను లోపలినుంచి ఎవరో దారం కట్టి గుంజుతున్నట్టు, కదపకపోతే ఊపిరాడనట్టు ఉండేది. కదిపితే పోయేది. ఆపితే మళ్లీ వచ్చేది. పడుకుంటే పీకేది, లేచి ఇంట్లో ఇటూ అటూ తిరిగితే హాయిగా ఉండేది. మిషను మీద కూర్చొని తొక్కితే ఇంకా హాయి. అందుకే కుట్టేది. ఇశ్రాయేలు ఎన్నోసార్లు అన్నాడు, "మోటరు పెట్టిస్తనే మిషనుకు. కాళ్లకు జర సుకం ఉంటది" అని. వద్దంటే వద్దని మొండికేసేది. సుఖమంతా ఆ తొక్కడంలోనే ఉందని అతనికి ఎలా చెప్పడం?

మొదట్లో అతని పక్కనే పడుకునేది. నిద్రపట్టీపట్టకముందే కాళ్లు తన్నేవి. ఇశ్రాయేలు లేచి కూర్చొని, "ఏందే ఇది? నువ్వు పండుకున్నా నీ కాళ్లు బజారుకు పోతున్నయ్! పోతే పోనీ, నా నడుం మీదికెల్లి ఎందుకు పోతయే?" అని, చాప తీసుకొని బయట అరుగు మీదికి మారాడు. మారినవాడు మారినట్టే ఉండిపోయాడు.

ఇక ఆమెకు కావలి అన్న పేరు ఎలా వచ్చిందంటే, అది మందిరంలో ఒక శుక్రవారం రాత్రి ప్రార్థనలో జరిగింది. ఆ సంఘంలో నెలకోసారి తెల్లవార్లూ ప్రార్థన ఉంటుంది. అందరూ చాపల మీద కూర్చొని పాటలు పాడుతున్నారు. మరియ కాళ్లు ముడుచుకొని కూర్చోవాలని చూసింది. వల్లకాలేదు. లేచి గోడవారగా నడవడం మొదలుపెట్టింది. ఊరికే నడిస్తే ఏమనుకుంటారోనని పెదవులు కదిపింది. పెదవులు కదుపుతున్నప్పుడు ఊరికే కదపడం ఎందుకని నిజంగానే ప్రార్థన చేసింది. అర్ధరాత్రి దాటాక ఒక్కొక్కరే ఒరిగిపోయారు. ప్రార్థన నడిపే అయ్యగారు కూడా గోడకు చేరబడి చిన్నగా గురకపెట్టారు. తెల్లారి అందరూ లేచి చూసేసరికి మరియ ఒక్కతే ఇంకా నడుస్తూ ఉంది. అయ్యగారి భార్య సుసన్నమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకొని, "సంఘానికి కావలి దొరికింది" అంది. అంతే. ఆనాటినుంచి ఆమె కావలి మరియమ్మ.

ఎవరికి ఏ కష్టమొచ్చినా మరియకు చెప్పుకునేవారు. పరీక్షలు, పురుళ్లు, ఆపరేషన్లు. "రాత్రి ఎట్లాగూ మేల్కొనే ఉంటవు గద, జర మాది గూడ యాది పెట్టుకో" అని. ఆమె యాది పెట్టుకునేది. మిషను తొక్కుతూ ఒక్కొక్కరి పేరే తలుచుకునేది. అబద్ధం ఆడింది లేదు. కానీ మేలుకోవడం భక్తితో కాదు, కాళ్లతో. ఆ ఒక్క మాటే ఎవరికీ చెప్పలేదు. మొదట్లోనే చెప్పి ఉంటే పోయేది. పేరు వచ్చాక చెప్పడం కష్టమైంది.

చాటుగా ఆమె చేయని వైద్యం లేదు. పిక్కలకు ఆముదం రాసింది. పాత చున్నీలు బిగించి కట్టింది. కట్టినంతసేపు బాగుండేది, విప్పితే మామూలే. ఎవరో పాలు తాగమన్నారు, తాగింది. ఒకసారి ఇశ్రాయేలు మెడికల్ షాపునుంచి జలుబు గోళీ తెచ్చాడు. "గిది ఏసుకుంటే బండరాయి గూడ పండుకుంటదట." ఆ రాత్రి మరియ జన్మలో పడనంత అవస్థ పడింది. కళ్లు మూతపడిపోతున్నాయి, కాళ్లు మాత్రం ఎన్నడూ లేనంతగా గుంజుతున్నాయి. నిద్రను వాకిట్లో నిలబెట్టి తలుపు గడియ పెట్టినట్టయింది.

ఆ రోజుల్లోనే భాగ్యశ్రీ వచ్చింది.

భాగ్యశ్రీది రెండిళ్ల అవతల. మందిరానికి వచ్చే మనిషి కాదు. వాళ్లింట్లో ఎల్లమ్మ పటం ముందు దీపం వెలుగుతుంది. భర్త పరమేష్ డీసీఎం నడుపుతాడు. రాత్రిళ్లు కూరగాయలో, కాలాన్నిబట్టి మామిడికాయలో నింపుకొని, శ్రీశైలం రోడ్డు మీదుగా వచ్చి, తుక్కుగూడ దగ్గర రింగు రోడ్డెక్కి మార్కెట్లకు పోతాడు. ఒకసారి స్టీరింగు మీదే కునుకు తీశాడు. బండి డివైడరు గీసుకుంటూ పోయి ఆగింది. మనిషికి గీత కూడా పడలేదు. కానీ ఆ ముచ్చట విన్ననాటినుంచి భాగ్యశ్రీకి కంటిమీద కునుకు లేదు. అతను బండెక్కితే ఈమె లేచి కూర్చునేది.

"అక్కా," అంది జాకెట్టు గుడ్డ మరియ ఒళ్లో పెట్టి, "నాకు మీ పాటలు రావు, మాటలు రావు. నువ్వెట్లాగూ మేల్కొనే ఉంటవు. ఆయన బండి మీద ఉన్నంతసేపు జర మనసుల పెట్టుకో. నువ్వు పెట్టుకున్నవని తెలిస్తే నేను పండుకుంట."

"పెట్టుకుంట బిడ్డా, నువ్వు ఫికర్ జేయకు."

ఆ రాత్రే భాగ్యశ్రీ పడుకుంది. తెల్లారి కడిగిన పళ్లెంలాంటి ముఖంతో వచ్చి చెప్పింది కూడా. మరియకు ఆ ముఖం చూసి సంతోషమూ వేసింది, భయమూ వేసింది. ఒకరి నిద్ర, ఇంకొకరి ప్రాణం తన మెలకువకు ముడిపడ్డాయి. ఇక తాను నిద్రపోతే? నిద్రపోయిన ఆ రాత్రే ఏదైనా అయితే?

*

కాళ్లు గుంజితే గుంజాయి, పగటిపూట తల నిలవకపోవడం ఎక్కువైంది. కత్తెర పట్టుకుంటే గీత రెండుగా కనిపించేది. ఒక మధ్యాహ్నం పిల్లల చొక్కాకు కాలరు అతుకుతూ మిషను మీదే కళ్లు మూసింది. కాలు మాత్రం తొక్కుతూనే ఉంది. సూది చూపుడువేలిలో దిగి, గోరుపక్కనుంచి బయటికి వచ్చింది.

కేక విని లోపల పడుకున్న స్తుతి పరుగున వచ్చింది. చక్రం వెనక్కి తిప్పి సూది పైకి లేపి, నెత్తురు కడిగి, గుడ్డ కట్టింది. కట్టి, చెప్పులు తొడుక్కుంది.

"పద అమ్మా, దవాఖానకు."

"సూది దిగినందుకు దవాఖాన ఎందుకే? జర పసుపు పెడితే అదే పోతది."

"సూదికి గాదు. నిద్రకు."

"నిద్రకు దవాఖాన ఏందే! జనం నవ్వుతరు. కావలి మరియమ్మది రోగమట అంటరు."

"అననీ. వేలు పోయినంక కావలి కాసేది ఏం చేతితోని?" అంది స్తుతి. ఆ పిల్ల తండ్రిలాగే నిద్రపోతుంది, తండ్రిలాగే మొహమాటం లేకుండా మాట్లాడుతుంది.

దవాఖానలో బల్ల మీద వాళ్ల పక్కన ఒక ముసలాయన కూర్చొని ఉన్నాడు. అంజిలయ్య అని, పక్క ఊరాయన. ఎవరూ అడగకముందే తన సంగతి చెప్పుకొచ్చాడు.

"నాది కొత్త తీరు బిడ్డా. పండుకోంగనే నిద్రొస్తది. నడిజామున టక్కున తెలివైతది, ఇగ రాదు. ఎందుకో తెల్సా? అప్పట్ల మోటర్లకు రాత్రి కరెంటు ఇస్తుండ్రి. కరెంటు వస్తే వెలగాలెనని లైటు బుగ్గకు బటను ఏసే పండుకునేటోన్ని. బుగ్గ వెలిగితే లేసి బాయికాడికి ఉరుకుడే. ఇప్పుడు పొలం లేదు, బాయి లేదు, మోటరు లేదు. అంతా ప్లాట్లయింది. తెలివి మాత్రం ఆ యాళ్లకే వస్తది!"

"మరి లేసి ఏం జేస్తవు తాతా?" అంది స్తుతి.

"ఏం జేస్త? మా ముసల్దాన్ని లేపి ముచ్చట పెడ్త. అది తిడ్తది. ఆ తిట్లు ఇనుకుంట ఇనుకుంట మల్ల పండుకుంట."

మరియకు నవ్వు ఆగలేదు. ఎంతో కాలానికి పొట్ట పట్టుకొని నవ్వింది. నిద్ర గురించి ఇంత బహిరంగంగా, సిగ్గుపడకుండా మాట్లాడే మనిషిని ఆమె అప్పటిదాకా చూడలేదు.

లోపల డాక్టరు నిర్మల. వేలికి కట్టు చూసింది, కళ్ల కింద నలుపు చూసింది. "నిద్ర ఎప్పుడు చెడ్తది నీకు? పండుకోంగనే రాదా? వచ్చి నడుమ తెగుతదా? లేకుంటే చీకటితోనే తెలివై ఇగ పట్టదా?" అని అడిగింది.

మరియ తెల్లబోయింది. నిద్ర రాకపోవడం అంటే రాకపోవడమే అనుకుంది ఇన్నాళ్లూ. జాకెట్టు మెడకు కోసే గల్లల్లో రకాలున్నట్టు ఇందులోనూ రకాలుంటాయా?

"ఉంటయమ్మా," అంది డాక్టరమ్మ. "నిద్ర రాకపోవుడు జ్వరం లెక్క. లోపల ఇంకేదో ఉంటేనే పైకి గిట్ల కనిపిస్తది. కొందరికి ఏదో ఫికరుంటది, అది తీరంగనే నిద్ర తనంతట అదే వస్తది. కొందరికి నెలల తరబడి పోతది. ఫికరు తీరినా పక్క చూస్తేనే భయమైతది, ఈ రాత్రి గూడ రాదేమోనని. షిఫ్టులు మారేటోళ్లకు ఒక తీరు. పొద్దుమీకి చాయలు తాగేటోళ్లకు ఒక తీరు. కొందరికి గురకతోని ఊపిరాగి నిద్ర చెడ్తది, కొందరికి ఏసుకునే గోళీలతోనే చెడ్తది. బయట గూసున్న తాతకు మోటరు! నీకేందో నువ్వు చెప్పాలె."

మరియ కుర్చీలో కాళ్లు ఊపుతూ కూర్చుంది. డాక్టరమ్మ చూపు కిందికి దిగింది.

"కాళ్లెందుకు ఊపుతున్నవ్?"

"ఊకెనే."

"జర ఆపు, చూద్దాం."

మరియ ఆపింది. కాసేపటికి చేతులు మోకాళ్లను పట్టుకున్నాయి. ఇంకాసేపటికి పెదవి కొరుక్కుంది. ఆ తరువాత కాళ్లు వాటంతటవే కదిలాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"లోపల గుంజినట్టయితదా? కూసుంటే, పండుకుంటే ఎక్కువ, లేసి నడిస్తే తక్కువ. పొద్దుమీకి మొదలైతది. గంతేనా?"

"అవ్ డాక్టరమ్మా! అచ్చం గట్లనే!" అంది మరియ. తన కాళ్ల లోపల జరిగేది ఇంకో మనిషి నోట వినడం అదే మొదటిసారి.

డాక్టరమ్మ ఆమె కనురెప్ప కిందికి లాగి చూసింది, గోళ్లు చూసింది. "నెలనెలా మస్తు పోతదా?" అని అడిగితే మరియ తలూపింది. చివరికి మామూలుగా అడిగినట్టే అడిగింది. "బియ్యం బుక్కుతవా?"

మరియ చెయ్యి తనకు తెలియకుండానే నడుం దగ్గరికి పోయింది. చీర కుచ్చిళ్ల దగ్గర చిన్న గుడ్డ మూటలో పచ్చి బియ్యం ఉన్నాయి. కుడుతూ కుడుతూ గుప్పెడు నోట్లో వేసుకోవడం కొన్నాళ్లుగా అలవాటు. వద్దనుకున్నా చెయ్యి అటే పోయేది. ఇశ్రాయేలుకు కూడా తెలియదు. ఆయన పాపం బియ్యం సంచికి ఎలుక పడిందని బోను తెచ్చి, రోజూ అందులో ఉల్లిగడ్డ బజ్జీ ముక్క పెట్టి కాపలా కాస్తున్నాడు.

"ఆ ఎలుకవు నువ్వేనా అమ్మా!" స్తుతి నోరు తెరిచింది. డాక్టరమ్మ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

నెత్తురు పరీక్షలో తేలింది. ఒంట్లో ఇనుము అడుగంటింది, నిలవ అసలే లేదు. "ఇనుము తగ్గితే కొందరికి బియ్యం మీదికి, మట్టి మీదికి మనసు పోతది. కొందరికి కాళ్లు గిట్ల గుంజుతయ్. దీనికి పేరుంది, మందుంది. దయ్యం గాదు, గాలి గాదు, నీ తప్పు అసలే గాదు. ఈ గోళీలు నిమ్మకాయ నీళ్లతోని ఏసుకో. నిద్రకని జలుబు గోళీ జోలికి పోకు, దాంతోని కాళ్లు ఇంకా ఎక్కువ గుంజుతయ్. నెలసరి సంగతి గూడ చూడాలె, స్కానింగు చేయించుకో. నిలవ నిండాలంటే టైం పడ్తది, తొందరపడకు. ఇంకొకటి. అన్నం తిన్న వెంటనే చాయ తాగుతవా?"

"తాగుత. తాగకుంటే తిన్నట్టుండదు."

"బంద్ పెట్టు. తిన్నదాంట్లో ఇనుమును, గోళీల ఇనుమును గూడ ఆ చాయ ఒంటికి పట్టనియ్యదు."

బయటికి వచ్చాక వేపచెట్టు నీడలో మరియ కాసేపు నిలబడింది. "పేరున్న రోగమేనటే స్తుతీ నాది," అంది. ఏదో బహుమానం వచ్చిన మనిషిలా ఉంది ఆమె ముఖం.

*

గోళీలు మొదలుపెట్టింది. కొన్ని వారాలకు బియ్యం మీద ధ్యాస తగ్గింది. ఇశ్రాయేలు బోనులో ఎలుక పడకుండానే ఎలుక పోయిందని ఆశ్చర్యపోయాడు. ఆ తరువాత కాళ్లలో చీమలు పలచబడ్డాయి. ఒకరోజు రాత్రి మిషను మధ్యలో ఆగితే, పొద్దున పక్కింటి అనంతమ్మ వచ్చి, "మిషను ఖరాబైందా మరియా? చప్పుడు లేకుంటే మా మనవడు లేసి కూసున్నడు" అని అడిగింది.

అక్కడితో కథ అయిపోవాలి. కాలేదు. రెండోసారి పరీక్ష చేస్తే ఇనుము పెరగాల్సినంత పెరగలేదు. కాళ్లు మళ్లీ మొదలుపెట్టాయి. గోళీలు తప్పకుండా వేసుకుంటున్నానని మరియ ప్రమాణం చేసి చెప్పింది. అదీ నిజమే.

స్తుతి ఆ సెలవురోజు ఇల్లు ఊడుస్తుంటే మిషను కింద, గుడ్డముక్కల గంప వెనక ఫ్లాస్కు దొరికింది. మూత తీసి వాసన చూసింది. నల్లగా మరిగిన చాయ.

"గిదేంది?"

మరియ తల దించుకుంది.

"కాళ్లు తగ్గినకాడికెల్లి నిద్రొస్తుందే. మస్తు వస్తుంది. పరమేష్ బండి మీద ఉన్న రాత్రి నేనెట్ల పండుకోను? భాగ్యశ్రీకి మాటిచ్చిన. రాత్రంతా జర జర తాగుకుంట కూసుంటున్న."

"అంటే రోగం తగ్గకుంట నువ్వే కావలి కాస్తున్నవా!" స్తుతి చీపురు కింద పడేసింది. "పొద్దున గోళీ ఏస్తవు, రాత్రి చాయతోని కడిగేస్తవు. డాక్టరమ్మకు ఏమని చెప్పాలె నేను?"

"నేను పండుకున్న రాత్రే ఏమన్న అయితే, ఆ పిల్ల మొకం ఎట్ల చూడాలె స్తుతీ?"

స్తుతికి కోపం పోయింది. తల్లి పక్కన నేలమీద కూర్చుంది. "ముందు పోయి ఆమెకే చెప్పు అమ్మా. ఆమెకు తెల్వకుంట ఆమె బరువు మోస్తున్నవు నువ్వు."

చెప్పడానికి పోనక్కరలేకపోయింది. ఆ సాయంత్రం భాగ్యశ్రీయే జాకెట్టు వేసుకొని చూసుకోవడానికి వచ్చింది.

"గల్ల జర లోతుగ పెట్టక్కా. మా ఆడిబిడ్డ పెండ్లిల అందరు నన్నే చూడాలె."

మరియ నోట్లో గుండుసూదులు పట్టుకొని చంక దగ్గర కొలత సరిచేస్తోంది. సూదులన్నీ తీసి గుండుసూదుల దిండుకు గుచ్చింది. వెనకనుంచే మాట్లాడింది, ఎదురుగా అయితే మాట రాదని.

"భాగ్యా, నీకొకటి చెప్పాలె. నేను రాత్రిళ్లు మేల్కొనేది భక్తితోని గాదు. నా కాళ్లకు రోగముండె. ప్రార్థన చేసిన, అబద్ధం చెప్ప. కాని నిద్ర పట్టక చేసిన. ఇప్పుడు మందులు పడ్డయ్, నిద్రొస్తుంది. మీ ఆయన కోసం ఇగ రాత్రంతా కూసోలేనేమో."

మరియకు భాగ్యశ్రీ వీపే కనిపిస్తోంది. ఆ వీపు మెల్లగా కదలడం మొదలైంది. ఏడుస్తోందనుకొని మరియ భయపడి ముందుకు వచ్చింది. చూస్తే భాగ్యశ్రీ నవ్వుతోంది.

"అయ్యో అక్కా! నా కోసం కాళ్లు చంపుకుంటున్నవా నువ్వు? ఆయన ఇప్పుడు మంచిగున్నడంటే ఎందుకనుకుంటున్నవ్?"

"ఎందుకు?"

"నీ పేరు చెప్పి బెదిరించిన. 'మరియక్క నీ కోసం రాత్రంతా కూసుంటది. నువ్వు కునుకుపాట్లు పడుకుంట బండి నడిపితే ఆమె పుణ్యం అంతా గంగల గలుస్తది. ఆ పాపం నీకే. కన్ను బరువైతే బండి పక్కకు పెట్టి పండుకో' అన్న. నీ పేరుకు భయపడ్డడు, నా మాటకు గాదు! అప్పటిసంది తుక్కుగూడ కాడ బండ్లు ఆపే జాగల ఆపి, క్లీనరును లేపుమని చెప్పి, ఒక కునుకు తీసే రింగు రోడ్డు ఎక్కుతడు. మార్కెటుకు జర ఆలస్యమైతదట. అయితే అయింది. కోహెడల కొత్త మార్కెట్ పడితే ఆ దూరం గూడ తగ్గుతదంటుండు."

"అంటే పరమేష్ పండుకుంటుండా?"

"మస్తు పండుకుంటుండు."

"నువ్వు?"

"నేను ఎప్పటిసందో పండుకుంటున్న. నువ్వొక్కదానివే అక్కా, అందరి నిద్ర పంచిపెట్టి ఉత్త చేతులతోని కూసున్నవు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకొని నవ్వారు. నవ్వి నవ్వి మరియ గడప మీద కూర్చుండిపోయింది. ఎన్నాళ్లనుంచో బిగించి కట్టిన చున్నీ ఏదో పిక్కలకు కాదు, గుండెకు ఉన్నట్టూ, దాన్ని ఎవరో విప్పినట్టూ అనిపించింది. భాగ్యశ్రీ కళ్లు తుడుచుకొని, "పొద్దున నా పేరు ఒక్కసారి యాది చేసుకో, సాలు. రాత్రి పండుకో. కాని ఆయనకు మాత్రం చెప్పకు. నువ్వు కూసుంటున్నవనే అనుకోనీ" అంది. కాస్త ఆగి, "గల్ల సంగతి మరవకు" అని కూడా అంది.

ఫ్లాస్కు ఆ రాత్రినుంచి ఇశ్రాయేలుది అయింది. పనికి పోయేటప్పుడు చల్లటి నీళ్లు పోసుకుపోయేవాడు.

*

ఇక మిగిలింది సుసన్నమ్మ. నెల తిరిగి రాత్రి ప్రార్థన వచ్చింది. పాటలు అయ్యాక అమ్మగారిని పక్కకు పిలిచి చెప్పేద్దామని మరియ గట్టిగా అనుకొని వెళ్లింది. వెనక వరసలో చాప మీద కూర్చుంది. కాళ్లు ముడుచుకుంది. ఎప్పటిలాగే అవి లేవమంటాయేమోనని ఎదురుచూసింది. అవి ఏమీ అనలేదు. కుండలో నీళ్లు తేరుకున్నట్టు నిశ్శబ్దంగా ఉన్నాయి. మొదటి పాట రెండో చరణం దాకా ఆమెకు గుర్తుంది.

కళ్లు తెరిచేసరికి కిటికీలోంచి ఎండ పడుతోంది. తల కింద ఎవరిదో మడతపెట్టిన శాలువా, ఒంటి మీద దుప్పటి. మెడలో టేపును ఎవరో తీసి, చుట్ట చుట్టి చెప్పుల దగ్గర పెట్టారు. మందిరం ఖాళీ. సుసన్నమ్మ ఒక్కతే చాపలు దులుపుతోంది.

మరియ దిగ్గున లేచింది. "అయ్యో అమ్మగారూ, నన్ను లేపలేదేంది!"

"ఎట్ల లేపాలె? నోరు తెరిచి పండుకున్నవు, పసిపిల్ల లెక్క. అయ్యగారు మైకు బంద్ పెట్టించిన్రు. మన మందిరంల మైకు బంద్ అయ్యేసరికి, ఆయన పానం మంచిగుందా అని సందులోళ్లు అడగనీకొచ్చిన్రు! పాటలన్నీ గుసగుసగ పాడినం. నీ జాగల ఒకరి తర్వాత ఒకరం గోడపొంటి నడిచినం. నాకైతే కాళ్లు పడిపోయినయ్ తల్లీ. నువ్వెట్ల నడిచినవో ఇన్నేండ్లు!"

"గదే అమ్మగారూ చెప్పాలనుకున్న. నేను నడిచింది భక్తితోని గాదు. నా కాళ్లు..."

"తెలుసు. స్తుతి రాత్రి నాకు అంతా చెప్పింది, నిన్ను లేపవద్దని వచ్చి." సుసన్నమ్మ చాప చుట్టి గోడకు ఆనించింది. "కాళ్లు లేపితే లేసినవు. లేసినంక మా పేర్లు తలిసినవా లేదా?"

"తలిసిన."

"మరి ఇంకేంది? పో, ఇంటికి పో. మీ ఆయన రెండుసార్లు వచ్చి తొంగిచూసి పోయిండు. 'ఊపిరి పీలుస్తుందా?' అని అడిగిండు."

మరియ టేపు మెడలో వేసుకొని బయటికి వచ్చింది. పొద్దెక్కింది. పాలవాడు ఎప్పుడో వెళ్లిపోయాడు. సందు మలుపులో పరమేష్ డీసీఎం ఆగి ఉంది. టార్పాలిను మీద మంచు తడి ఇంకా ఆరలేదు. క్యాబిను కిటికీలోంచి ఒక కాలు బయటికి చాపి పరమేష్ పడుకొని ఉన్నాడు. వాకిట్లో నీళ్లు చల్లుతున్న భాగ్యశ్రీ మరియను చూసి నోటి మీద వేలు పెట్టింది.

"ఇంట్లకు రమ్మంటే గూడ రాలే. ఆడ్నే ఒరిగిండు," అని మెల్లగా అంది.

మరియ ఆ కాలు వంక చూసింది. నిశ్చలంగా, చెప్పు జారిపోయి, వేలాడుతోంది. ఆమె తన చెప్పులు విడిచి చేతిలోకి తీసుకొని, చప్పుడు చేయకుండా ఆ బండి పక్కనుంచి నడిచి ఇంటికి వెళ్లింది.